నలభై ఒకటో గొర్రె

హొఫూఫ్‌ల ఖర్జూర తోటల అవతల పశువుల ల్యాబు.
ఆడ గొర్రెలకు పేర్లుండవు,
చెవులకు పసుపు బిళ్లలుంటయి.
నలభై ఒకటికి మాత్రం నేను దొంగతనంగ పేరు పెట్టిన.
బూడిది.

సీసల నల్లటి పొడి.
బొగ్గంటే బొగ్గే, కాని కడుపుల ఇనుమున్న బొగ్గు.
సూడాన్ డాక్టరు ఇద్రీస్ దాన్ని గాజుగ్లాసు నీళ్లల్ల కలిపి
బయటి నుంచి అయస్కాంతం ఆనిస్తే
నీళ్లు తేటపడ్డయి.
నలుపంత ఒక్క దిక్కు జరిగి
గొంగళిపురుగు లెక్క గోడకు నిలవడ్డది,
వెంట్రుకలు నిక్కబొడుచుకోని.

మా అవ్వ సూదంటురాయి అనేది దాన్ని.
జారిపోయిన సూదిని చాప కింద, గడప పగుల్ల
కండ్లు కనబడకున్నా దాంతోనే దొరకబట్టేది.

"ఇది విషాన్ని తాగది," అన్నడు ఇద్రీస్
నాకు తెలిసేటట్టు మెల్లని అరబ్బీల.
"తాగితే అది స్పాంజి. ఇది పైపైన అంటించుకుంటది.
లోపలికి రానియ్యది."
తలూపిన.
పన్నెండేండ్లసంది
నేను ఈ దేశం మీద అట్లనే ఉన్న.

ఆ పొద్దు బూడిదికి పురుగుమందు పట్టిచ్చినం.
మందు.
మా తెలుగుల దగ్గుకు మందే, పురుగుకు మందే,
తుపాకిల కూరేది మందే,
జీతాలనాడు చాటుంగ తాగేది గూడ మందే.
ఏది దేనికని అడిగే తీరిక
మా పత్తి చేలల్ల ఎవరికీ లేకుండె.

చొంగ కారింది. కంటిపాప ఆవగింజంతయింది.
మోకాళ్ల మీద కూలవడ్డది.
గొట్టంల నుంచి నల్లనీళ్లు కడుపులకు పోయినయి,
ఇంకో గొట్టం, కొనకు అయస్కాంతం.
నలుపు తిరిగొచ్చింది, వచ్చినంత.
తెల్లారి అది లేచి
నా అరచేతిల బర్సీం గడ్డి నెమరింది.
అంతకుముందు ముప్పై తొమ్మిది లేవలే. నలభై లేవలే.
ఇద్రీస్ అవి గూడ అదే పెన్నుతోటి రాసుకున్నడు.

జూలైల లింబాద్రి తోటల మందు కొట్టి వచ్చిండు.
మాస్కు లేదు, మూతికి తువ్వాల.
చెమటకు తడిసిన తువ్వాల
మందును ఇంకింత దగ్గరికి తెచ్చింది.
రూంల, స్టవ్ పక్కన పడిపోయిండు.
అదే చొంగ. అదే ఆవగింజ.

నా జేబుల ల్యాబు తాళంచెవి.
నడిస్తే పావుగంట, ఉరికితే ఏడు నిమిషాలు.
సీస మీద ఎర్ర చీటీ, మూడు భాషలల్ల:
మనుషులకు కాదు.

ఫోన్ల ఇద్రీస్ గొంతు మొదటిసారి గట్టిగైంది.
"దాన్ని ముట్టకు. అంబులెన్సును పిలువు.
బట్టలిప్పు, సబ్బుతోటి కడుగు, చేతికి కవరు తొడుక్కో.
పక్కకు తిప్పి పండబెట్టు.
వాళ్లొస్తే అట్రోపిన్ అను. ఏదీ, అను."
అట్రోపిన్.
దుకాణంకు తోలితే సామాను పేరు మర్వకుండ
తొవ్వంతా గొణుక్కునే పిలగాని లెక్క
అట్రోపిన్, అట్రోపిన్,
తెల్ల బండి తలుపు తెరిచేదాక.

బతికిండు.
ఇప్పటికీ చాయ్ గిలాస పట్టుకుంటే
గిలాస ఒక్కటే మాట్లాడుతది.
"ఆ నల్లపొడి యాదికి రాలేదారా నీకు?"
అని ఒకనాడు అడిగిండు, నా మొకం చూడకుండ.
రాలేదన్న.

రాత్రి డ్యూటీల లైట్లార్పినంక
సీస పక్కకు అయస్కాంతం పెట్టి చూస్తుంట.
ఎటు జరిపితే అటు నమ్మి వస్తది నలుపు.
గొర్రెలు నిద్రల కాళ్లు ఆడిస్తయి.
నూట ఆరు దాక వచ్చినయి బిళ్లలు.
ఎర్ర చీటీ ఒక మూల లేచింది.
బొటనవేలుతోటి వత్తి
మళ్ల అంటించిన.